జూరాల కట్ట మీద నేర్చిన చూపుతో మధ్యధరా ఒడ్డున చేప తినడం

జూరాల ప్రాజెక్టు దగ్గర చేపలు వేయించే దుకాణం ముందు ఆగిన మనిషి మొదట చేపను చూస్తాడు. మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూస్తాడు, వేలితో వీపు నొక్కుతాడు, కిలో ఎంతో అడుగుతాడు, కాంటా మీద ముల్లు నిలబడ్డాకే మసాలా పట్టించమంటాడు. గ్రీసు, ఇటలీ, స్పెయిన్‌లలో సముద్రం ఒడ్డున ఉండే చేపల హోటళ్లలోనూ కొనే పద్ధతి ఇదే. కానీ పాలమూరు నుంచో నల్లగొండ నుంచో పిల్లల్ని చూడడానికి పోయినవాళ్లు, కొత్తగా పెళ్లయి తిరగడానికి పోయినవాళ్లు అక్కడ కుర్చీలో కూర్చోగానే ఈ తెలివంతా మరిచిపోయి మెనూ కార్డు పట్టుకుంటారు. డబ్బూ అక్కడే పోతుంది, రుచీ అక్కడే పోతుంది. కార్డు పక్కన పెట్టి లేచి చేపల దగ్గరికి పోవడం ఎట్లాగో, పోయాక ఏం చూడాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ఏ పూట, ఏ రోజు

ఇటలీలో మధ్యాహ్నం వంటిల్లు పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా, రాత్రి ఏడున్నర తర్వాత నడుస్తుంది. స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం రెండింటికి మొదలవుతుంది, రాత్రి తొమ్మిదికి ముందు హాలు ఖాళీగానే ఉంటుంది. గ్రీసులోనూ రాత్రి భోజనం ఆలస్యమే. ఎనిమిదికల్లా తిని పడుకునే పెద్దవాళ్లు వెంట ఉంటే మధ్యాహ్నం పూటే పోవడం మంచిది. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు బల్ల దగ్గర కూర్చున్న వెంటనే మాత్ర మింగొద్దు. బొగ్గుల మీద కాల్చిన చేప రావడానికి అరగంట పట్టొచ్చు. రొట్టె ముక్క చేతికి వచ్చాక వేసుకోండి.

స్పెయిన్‌లో చేపల పడవలు చాలావరకు శని, ఆదివారాలు సముద్రంలోకి పోవు. అందుకే సోమవారం నాడు తాజా చేప దొరకడం కష్టమని అక్కడివాళ్లే అనుకుంటారు. గ్రీసు దీవుల్లో జులై, ఆగస్టు నెలల్లో ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి రోజుల తరబడి వీస్తుంది. గాలి గట్టిగా ఉన్నప్పుడు చిన్న పడవలు రేవులోనే ఆగిపోతాయి, మంచు పళ్లెంలో చేప తగ్గుతుంది. అలాంటి రోజు నీళ్లను ఆనుకున్న బల్ల అడగడం కూడా తెలివి కాదు. తుంపర పళ్లెంలో పడుతుంది, వేడి చేప రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది. రెండో వరుసలో, గోడ చాటున కూర్చుంటే సముద్రమూ కనిపిస్తుంది, చేపా వేడిగా ఉంటుంది.

మంచు పళ్లెం దగ్గర

మంచి హోటల్లో ఆ రోజు చేపలు గాజు పెట్టెలోనో మంచు పరిచిన పళ్లెంలోనో కనిపిస్తాయి. చూస్తామని చెప్పి లేచి వెళ్లండి. అక్కడ అది మామూలే, ఎవరూ తప్పు పట్టరు. మన కొర్రమీను బతికుండగానే కొంటాం కాబట్టి చచ్చిన చేపను చూసే కన్ను వేరుగా ఉండాలి. కన్ను ఉబ్బి, నల్లగుడ్డు నీళ్లలా మెరుస్తూ ఉండాలి. లోపలికి గుంట పడి తెల్లబారితే పాతది. మొప్పలు ఎర్రగా ఉండాలి, ఇటుక రంగుకో గోధుమ రంగుకో మారితే వదిలేయండి. నొక్కిన చోట గుంట నిలవకూడదు. వాసన సముద్రపు గాలిలా ఉండాలి గానీ నీసు కొట్టకూడదు. తాజా సముద్రపు చేపకు నీసు ఉండదు. చచ్చాక బ్యాక్టీరియా దాని కండలో ఉండే ఒక పదార్థాన్ని ట్రైమిథైలమిన్‌గా మారుస్తుంది, నీసు వాసన దానిదే. మంచినీటి చేపలో ఆ పదార్థం బాగా తక్కువ. అందుకే మన ముక్కు సముద్రపు చేపల సంత దగ్గర అంత త్వరగా కనిపెడుతుంది.

ఇప్పుడు ఏ చేప అన్న మాట. ఎక్కువగా కనిపించేవి రెండు. ఒకదాని రెండు కళ్ల మధ్య బంగారు రంగు పట్టీ ఉంటుంది, ఒళ్లు వెడల్పుగా ఉంటుంది. గ్రీసులో త్సిపూర, ఇటలీలో ఒరాత, స్పెయిన్‌లో దొరాద అంటారు. రెండోది పొడుగ్గా వెండిలా ఉంటుంది. దాన్ని గ్రీసులో లవ్రాకి, ఇటలీలో బ్రంజీనో, స్పెయిన్‌లో లుబీన అంటారు. ఈ రెండూ చాలావరకు పెంపకం చేపలే. మన చెరువుల్లో బొచ్చె, రవ్వ పెంచినట్టు గ్రీసు, టర్కీ తీరాల్లో సముద్రంలోనే వల పంజరాలు దించి పెంచుతారు. ఒక్కొక్కటి 300 నుంచి 600 గ్రాములు, పళ్లెంలన్నిట్లో ఒకే సైజు కనిపిస్తే అవి పెంపకానివే. తప్పేం లేదు, కొవ్వు కాస్త ఎక్కువ, ధర తక్కువ. వల వేసి పట్టిన చేపకు ధర రెండింతలు, మూడింతలు కూడా ఉంటుంది. పెంపకం చేపకు ఆ ధర కట్టకుండా చూసుకోవడమే పని. ఇటలీలో అల్లెవామెంతో అంటే పెంపకం, పెస్కాతో అంటే పట్టినది. నోటితో అడగండి.

మొదటిసారి తినేవాళ్లకు ఈ రెండింట్లో ఏదైనా భయం లేని చేపే, దానికి కారణం ముల్లు. బొచ్చె, రవ్వ, బంగారుతీగ ఒకే కుటుంబానివి, వాటి కండలో చీలిన సన్న ముళ్లు ఎక్కడపడితే అక్కడ దాగి ఉంటాయి. త్సిపూర, లవ్రాకిల్లో ఆ చీలిక ముళ్లు ఉండవు. వెన్నెముక, పక్కటెముకలు, రెక్కల మొదట్లోనూ తల వైపు కండలోనూ కొన్ని చిన్నవి, అంతే. కొర్రమీను తిన్నంత తేలిగ్గా తినొచ్చు.

గడ్డం కింద జెల్లకున్నట్టు రెండు మీసాలుండి, ఎర్రగా, అరచేతి పొడుగున్నది కనిపిస్తే అది బర్బూని. వేయించి పెడతారు, రుచి చాలా బాగుంటుంది, ధరా అంతే. తక్కువ ఖర్చులో కడుపు నిండాలంటే ఎండాకాలంలో సార్డీన్లు అడగండి. జులై, ఆగస్టుల్లో కొవ్వు పట్టి ఉంటాయి, బొగ్గుల మీద కాలిస్తే ఆ కొవ్వే నూనెలా కారుతుంది. మన పరక చేపల్లా తలతో సహా నమిలేవి గ్రీసులో మరీదెస్, పిండి అద్ది కరకరలాడేలా వేయిస్తారు. పిల్లలు వీటినే ఇష్టపడతారు. గర్భిణులకు, చిన్నపిల్లలకు కత్తిచేప మాత్రం వద్దు. పెద్ద వేట చేప కాబట్టి దాని కండలో పాదరసం చేరి ఉంటుంది.

కాంటా, ధర

తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి.

మొత్తం చేపకు ధర తూకం మీద ఉంటుంది. గ్రీసులో కిలోకు రాస్తారు. ఇటలీలో చాలా చోట్ల 100 గ్రాములకు రాస్తారు, దాన్ని ఎత్తో అంటారు, కార్డు మీద హెచ్‌జి అని కూడా ఉండొచ్చు. 7 యూరోలు అని చూసి ఒక చేప 7 యూరోలే అనుకుని ముగ్గురికి మూడు చెప్పారనుకోండి. ఒక్కో చేప 500 గ్రాములైతే ఒక్కటే 35 యూరోలు, మూడింటికి 105. అంకె తప్పు లేదు, హోటల్ మోసం చేయలేదు, కార్డు చదవడంలోనే పొరపాటు. స్పెయిన్‌లో ధర ఉండాల్సిన చోట సెగూన్ మెర్కాదో అని ఉంటుంది, అంటే ఆ రోజు సంత ధర. అలాంటి చోట ధర అడగకుండా ఆర్డరు చెప్పకూడదు.

తూకం పచ్చి చేపకే వేస్తారు, పొట్ట తీయకముందు. తల, ముళ్లు, పేగులు పోగా తినే కండ దాదాపు సగమే. కాబట్టి మనిషికి 400 నుంచి 500 గ్రాముల పచ్చి చేప లెక్కేసుకోండి. ముందు వేరే పళ్లేలు తింటే 300 చాలు. నలుగురికి రెండు చిన్న చేపలకన్నా 1,200 గ్రాముల ఒకే పెద్ద చేప మంచిది. కండ మందంగా ఉంటుంది, నిప్పు మీద ఆరిపోదు.

చేప ఎంచుకున్నాక కాంటా మీద పెట్టమనండి. అంకె చూడండి. ఫోన్‌లో లెక్క కట్టి ఆ మొత్తాన్ని తెర మీద చూపించి "ఇంతేనా" అని అడగండి. భాష రాకపోయినా ఈ మూడు పనులకు భాష అక్కర్లేదు. కాల్చిన తర్వాత ధర అడగడం వల్ల ప్రయోజనం లేదు.

ఇంకొకటి. కార్డులో పేరు పక్కన నక్షత్రం గుర్తు (*) ఉంటే అది ఫ్రీజర్ సరుకు అని ఇటలీలో అర్థం. గ్రీసులోనూ ఫ్రీజర్‌ది అయితే కార్డు మీద రాయాలి. కలమారి (స్క్విడ్), రొయ్యలు, ఆక్టోపస్ చాలా చోట్ల ఫ్రీజర్‌వే, వాటి రుచి పెద్దగా పోదు. మొత్తం చేపకు మాత్రం తాజాది కావాలి.

మసాలా ఎందుకు లేదు

మన చెరువు చేపలో మట్టి వాసన ఉంటుంది. నీటిలోని సూక్ష్మజీవులు తయారు చేసే జియోస్మిన్ అనే పదార్థం చేప ఒంట్లో చేరడం వల్ల వస్తుంది. పులుపు తగిలితే అది విరిగిపోతుంది. ఉప్పు, పసుపు, నిమ్మరసం రాసి కడగడం, చింతపండు పులుసులో ఉడికించడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నది ఇందుకే. సముద్రపు చేపకు ఈ బాధ లేదు. పైగా చుట్టూ ఉన్న ఉప్పును తట్టుకోవడానికి దాని కండలో గ్లైసిన్, గ్లుటమేట్ లాంటివి పోగవుతాయి, అవి నాలుకకు కమ్మగా, కొంచెం తియ్యగా తగులుతాయి. కారం పోస్తే ముందు పోయేది ఆ తీపి. కాబట్టి మొదటి నాలుగు ముద్దలు ఉత్తగా తినండి. ఆ తర్వాత కావాలంటే సంచిలోని కారప్పొడి తీయండి, ఎవరూ ఏమనరు.

ఎలా వండాలో మీరే చెప్పాలి. బొగ్గుల మీద కాల్చడం అన్నిటికన్నా నమ్మకం. 500 గ్రాముల చేపకు 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. ఐదు నిమిషాల్లో బల్ల మీదికి వచ్చిందంటే ముందే కాల్చి పెట్టినదన్నమాట. పెద్ద చేప దొరికితే ఇటలీ, స్పెయిన్‌లలో ఉప్పు గూటిలో అడగండి. కిలో చేపకు కిలోన్నర నుంచి రెండు కిలోల గళ్లుప్పు పొలుసు తీయని చేప చుట్టూ అద్ది ఓవెన్‌లో పెడతారు. ఉప్పు గట్టి పెంకులా మారి ఆవిరిని లోపలే పట్టి ఉంచుతుంది. పొలుసు అడ్డం ఉంటుంది కాబట్టి కండ ఉప్పగా కాదు. చర్మం తినకూడదు. 40 నిమిషాలు ఓపిక పట్టాలి, అది చెప్పాకే వేరే పళ్లేలు చెప్పండి.

కాల్చిన చేప మీద గ్రీసులో లదోలెమొనో పోస్తారు. రెండు పాళ్లు ఆలివ్ నూనె, ఒక పాలు నిమ్మరసం, ఉప్పు, ఎండు ఒరెగానో ఆకు కలిపి చిక్కగా గిలకొట్టినది. అక్కడి నిమ్మకాయ నకిరేకల్ మార్కెట్‌కు వచ్చే నిమ్మలా ఉండదు. కోడిగుడ్డంత, తోలు మందం, పులుపు కొంచెం మెత్తన. మన లెక్కన రెండు చుక్కలు పిండితే చాలదు, పావు చెక్క పూర్తిగా పిండండి. అయితే కరకరలాడే చర్మం మీద కాదు, విప్పిన తెల్ల కండ మీద.

ముళ్లు తీయడం

చేప మొత్తంగా పళ్లెంలో వస్తుంది. చేత్తో తినడం తప్పేమీ కాదు, చిన్న చేపల్ని అక్కడివాళ్లూ చేత్తోనే తింటారు. పెద్దదాన్ని మాత్రం కత్తీ ఫోర్కుతో విప్పితే ముక్కలు చెదరవు.

ముందు వీపు మీది రెక్కను తోక వైపు నుంచి ఫోర్కుతో పట్టి తల వైపు లాగండి. రెక్కతో పాటు దాని మొదట్లోని చిన్న ముళ్లన్నీ ఒకే పట్టీలా ఊడివస్తాయి. కింద తోక దగ్గరి రెక్కనూ అలాగే తీయండి. చాలామంది ఈ పని వదిలేస్తారు, తర్వాత నోట్లో గుచ్చుకునేవి ఇవే. మొప్ప వెనక అడ్డంగా ఒక గాటు, తోకకు ముందు ఇంకో గాటు, రెండూ వెన్నెముక తగిలేదాకే. ఇప్పుడు పక్కన తల నుంచి తోక దాకా కనిపించే సన్న గీత వెంట కత్తి నడిపించండి. మొన కింద ఎముక గరగర తెలుస్తుంది. పై భాగాన్ని వీపు వైపు, కింది భాగాన్ని పొట్ట వైపు కత్తి బల్లపరుపుగా పెట్టి తోయండి. బాగా కాలిన చేప అయితే తనంత తానే జారుతుంది. పక్కటెముకలు పొట్ట వైపు ముక్కలోనే ఉంటాయి, వాటిని ఏరండి.

చేపను తిరగేయొద్దు. తోక పట్టి మెల్లగా పైకి లేపితే వెన్నెముక మొత్తం దువ్వెనలా లేచి, తలతో సహా పక్కకు వస్తుంది. కింద మిగిలింది రెండో సగం, అందులోనూ పొట్ట వైపు పక్కటెముకలు మిగిలితే ఏరండి. వెన్నెముక దగ్గర కండ గులాబీ రంగులో అంటుకుని లేవకపోతే ఇంకా కాలలేదని గుర్తు. మొహమాటపడకుండా వెనక్కి పంపండి, ఇంకో మూడు నాలుగు నిమిషాలు నిప్పు మీద పెట్టి తెస్తారు. పొడిపొడిగా రాలితే ఎక్కువ కాలింది, దానికి నూనె, నిమ్మ తప్ప మందు లేదు.

తలను పారేయొద్దు. కంటి కింద చెంపలో రూపాయి బిళ్లంత మెత్తటి కండ ఉంటుంది. చేప తల పులుసు తిని పెరిగినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

ఈ శ్రమ వద్దంటే వెయిటర్‌ను అడగండి, పక్క బల్ల మీద పెట్టి విప్పి ఇస్తాడు. అడిగితే చాలు.

పక్కన ఏం పెట్టుకోవాలి

గ్రీసులో హోర్త అనే పళ్లెం ఉంటుంది, ఉడికించిన ఆకుకూర మీద నూనె, నిమ్మ. ఎండాకాలంలో వ్లీత అని అడిగితే వచ్చేది మన తోటకూర జాతే. చేప జెన ఇష్టమైనవాళ్లు తరమొసలాత తెప్పించుకోండి. ఉప్పు పట్టిన జెనను రొట్టెతోనో బంగాళదుంపతోనో నూనె పోసి నూరి చేస్తారు. తెల్లగానో లేత రంగులోనో ఉన్నది మంచిది, ముదురు గులాబీ అయితే రంగు కలిపినది. కారం కావాలంటే తిరొకఫ్తెరి, ఉప్పటి చీజ్‌లో మిరప కలిపిన ముద్ద. మన నాలుకకు ఘాటు అనిపించదు గానీ ఊరట. వెల్లుల్లి ఇష్టమైతే స్కొర్దాలియ. మనం మిర్గం నాడు చేప తినకుండా ఉండనట్టే, గ్రీకులు మార్చి 25న వేయించిన కాడ్ చేపను ఈ వెల్లుల్లి ముద్దతో తింటారు.

అన్నం లేనిదే తిన్నట్టుండదు అనేవాళ్లకు స్పెయిన్‌లో పాయెయ్య ఉంది. కనీసం ఇద్దరికి చెప్పాలి, మధ్యాహ్నమే తినాలి, 30 నుంచి 40 నిమిషాలు పడుతుంది. పది నిమిషాల్లో వస్తే వేడి చేసి తెచ్చినదే. సముద్రపు సరుకు కావాలంటే మరీస్కో అనే మాట చూడండి. వలెన్సియానా అని ఉంటే అందులో కోడి, కుందేలు మాంసం ఉంటుంది. అడుగున పట్టిన మాడును సొకర్రాత్ అంటారు, ఇష్టంగా గోకి తింటారు. ఇటలీలో చేపల పాస్తా మీద చీజ్ చల్లుకోరు, ఉప్పు ఎక్కువై సముద్రపు రుచి కప్పుకుపోతుంది కాబట్టి.

ఆక్టోపస్ గురించి మొహం చిట్లించకండి. బాగా ఉడికించి బొగ్గుల మీద కాల్చినది బయట కొద్దిగా కరకర, లోపల మెత్తన. రబ్బరులా సాగితే వండడం చేతకాలేదనే అర్థం. ఆల్చిప్పల్లో ఉడికాక కూడా నోరు తెరవనివి పక్కన పెట్టేయండి. పచ్చి చేపల జోలికి పెద్దవాళ్లు, గర్భిణులు, పిల్లలు పోవద్దు. అనిసాకిస్ అనే పురుగు ఉండొచ్చనే యూరప్‌లో పచ్చిగా వడ్డించే చేపను ముందు మైనస్ 20 డిగ్రీల్లో కనీసం 24 గంటలు గడ్డకట్టించాలని నియమం. నిమ్మరసం, వెనిగర్ ఆ పురుగును చంపవు. రొయ్యలు పడక దద్దుర్లు వచ్చేవాళ్లు కూర్చోగానే చెప్పాలి. ఏ వంటలో ఏముందో చెప్పాల్సిన బాధ్యత హోటల్‌దే.

బిల్లు

ఇటలీలో కొపెర్తో అని మనిషికి ఇంత చొప్పున కలుస్తుంది. గ్రీసులో రొట్టెకు కొంత వేస్తారు. నీళ్లు సీసావి, బుడగలు లేనివి కావాలని ముందే చెప్పండి. టిప్పు తప్పనిసరి కాదు, నచ్చితే 5 నుంచి 10 శాతం. గ్రీసులో రసీదు ఇవ్వకపోతే డబ్బు కట్టాల్సిన పని లేదని కార్డు మీదే అచ్చు వేసి ఉంటుంది. రసీదులో చేప తూకం మీరు కాంటా మీద చూసిన అంకేనా కాదా సరిచూసుకోండి.

నలుగురికి సరిపడే ఆర్డరు: ఒక హోర్త, ఒక తరమొసలాత, ఒక పళ్లెం మరీదెస్, 1,200 గ్రాముల చేప ఒకటి, రొట్టె, లీటరున్నర నీళ్లు. ముందు మొదటి మూడే చెప్పండి, చేపను ఎంచి తూకం వేయించినా అవి బల్ల మీదికి వచ్చాకే నిప్పు మీద పెట్టమనండి. తిన్నాక పిండిన నిమ్మ చెక్కను పారేయకుండా వేళ్లకు, గోళ్ల సందుల్లో రుద్దుకుని కడుక్కోండి. నిమ్మ పులుపు నీసు వాసనకు మూలమైన ట్రైమిథైలమిన్‌ను పట్టి నీళ్లలో కలిపేస్తుంది, సబ్బుతో వదలని నీసు దీనితో వదులుతుంది.